ఏరువాక పున్నమి – అడుగలేనివారి ఋణము

జ్యేష్ఠ శుద్ధ పూర్ణిమను తెలుగు రైతులు ఏరువాక పున్నమి యని పిలుతురు. కన్నడ సీమలో దీనికే కారహుణ్ణిమె యని పేరు. ఏరు అనగా ఎద్దులను పూన్చిన నాగలి. ఆ నాగలి సాగుటకు నాంది పలుకు దినము ఏరువాక. మృగశిర కార్తె ప్రవేశించి, తొలకరి పడి, నేల పదునెక్కు కాలమున ఈ పండుగ వచ్చును. 1953 అక్టోబరు 1వ తేదీన ఆంధ్ర రాష్ట్రము ఏర్పడినపుడు పాత బళ్ళారి జిల్లా రెండు రాష్ట్రముల నడుమ పంపకమయ్యెను. ఆదోని, ఆలూరు, రాయదుర్గము తాలూకాలు ఆంధ్రలో చేరినవి. బళ్ళారి మైసూరులో చేరినది. సీమ విడిపోయినను పున్నమి విడిపోలేదు. నేటికిని ఎల్లకు ఈవల ఏరువాక, ఆవల కారహుణ్ణిమె ఒకే దినమున జరుగుచున్నవి.

ఆనాటి ఉదయము ఎద్దులను చెరువునకో వాగునకో తోలుకొనిపోయి ఒడలు తోమి కడుగుదురు. కొమ్ములను నునుపు చేసి రంగులు పూయుదురు. కలిగినవారు కొమ్ములకు ఇత్తడి కుప్పెలు తొడుగుదురు. మెడకు గంటలు, మువ్వలు కట్టి నుదుట పసుపు కుంకుమలు పెట్టుదురు. నాగలి, కాడి, గొర్రు, గుంటక మొదలగు పనిముట్లనన్నింటిని కడిగి పూజింతురు. ఇంట వండిన పొంగలిని ముందు ఎద్దులకు తినిపించి పిదప తాము భుజింతురు. సాయంకాలము ఊరి మొగదల గోగునార తోరణము కట్టి, దానిని చెర్నాకోలలతో కొట్టుదురు. తెగిన నార ఎవరికి చిక్కినంత వారు తీసికొనిపోయి నాగళ్ళకును, ఎద్దుల మెడలకును కట్టుదురు. కన్నడ సీమలో ఎద్దులను పరుగెత్తించి తోరణమును తెంపింతురు. తెల్ల ఎద్దు ముందు వచ్చినచో ఒక పంట, ఎర్ర ఎద్దు ముందు వచ్చినచో వేరొక పంట బాగుగా పండునని అచటివారి నమ్మిక.

ఈ పండుగను చూచుటకు నేడు పట్టణములనుండియు పలువురు వచ్చుచున్నారు. కర్నూలు, హైదరాబాదు, బెంగుళూరు నగరములలో స్థిరపడిన లింగాయత కుటుంబములవారును వారిలో ఉందురు. తాత మేడి పట్టినవాడు. తండ్రి ఉద్యోగమునకు పోయినవాడు. మనుమడు పున్నమినాడు వచ్చి, ఎద్దు నుదుట కుంకుమ పెట్టి, దాని ప్రక్కన నిలిచి ఫొటో తీయించుకొని మరునాడు బస్సెక్కువాడు. అట్టి ఇంటి పిల్లవాడొకడు, ‘రేపు కూడ దీనికి పొంగలి పెట్టుదురా?’ అని అడిగినచో పెద్దలు ఏమని చెప్పవలెను?

ప్రశ్న చిన్నదే. కాని మరునాడు తెల్లవారకముందే అదే ఎద్దు మెడపై కాడి పడును. నిన్న హారతి పట్టిన చేతిలోనే నేడు చెర్నాకోల యుండును. ఒక్కనాటి పూజ ఏడాది చాకిరికి చెల్లునా? చెల్లనిచో ఆ పూజ ఎందులకు?

దీనికి సాధారణముగా రెండు సమాధానములు వినబడును. మొదటిది విమర్శకులది. ఏడాది పొడుగునా కొట్టి ఒక్కనాడు మ్రొక్కుట కపటమనియు, ఆ మ్రొక్కు ఎద్దు కొరకు కాక రైతు తన మనస్సును సమాధానపరచుకొనుటకే యనియు వారందురు. రెండవది రైతులది. అనంతపురము జిల్లాలో ఏడాదికి సగటున కురియు వాన సుమారు 550 మిల్లీమీటర్లు మాత్రమే. ఎర్రనేలలో పదును త్వరగా ఆరిపోవును. నల్లరేగడిలో మరికొన్ని నాళ్ళు నిలుచును. ఆ కొద్ది నాళ్ళలో విత్తనము పడవలెను. పదును తప్పినచో ఆ ఏటి పంటయే తప్పును. అపుడు ఎద్దు అలసినదని రైతు ఆగునా? ఆగినచో రేపు ఎద్దునకు చొప్ప ఎచటినుండి వచ్చును? కాడికి ఒకవైపు ఎద్దు మెడ యున్నచో, మేడి పట్టిన రైతు మెడయు మరియొక కాడి క్రిందనే యున్నది. అప్పు, అనావృష్టి, అంగడి ధర – ఇవి అతనిని తోలు చెర్నాకోలలు.

ఈ రెండు సమాధానములలోను సత్యము కలదు. కాని రెండును ఒక విషయమును విడిచినవి. విమర్శకుడు పండుగను ఋణము తీర్చు దినముగా భావించి, తీరలేదు గనుక కపటమనుచున్నాడు. రైతు తన అశక్తతను చూపి, తీర్చజాలను గనుక అడుగరాదనుచున్నాడు. ఋణము తీర్చుటకును, ఋణమున్నదని ఒప్పుకొనుటకును నడుమ భేదము కలదు. మొదటిది చేతనగునో కాదో. రెండవది ఎంతటి పేదకైనను చేతనగును.

ఇచట బసవేశ్వరుని బోధ తోడుపడును. తెలుగు పల్లెలలో ఎద్దును బసవన్న యని పిలుచుట వాడుక. బసవ శబ్దము వృషభ శబ్దము నుండి పుట్టినది. పాల్కురికి సోమనాథుడు తన ద్విపద కావ్యమగు బసవపురాణములో నందికేశ్వరుడే బసవనిగా అవతరించెనని వర్ణించెను. ఆ తెలుగు కావ్యమును 1369లో భీమకవి కన్నడములోనికి తెచ్చెను. ఒకే పేరు ఆచార్యునకును, కాడెద్దునకును చెల్లుట కేవలము శబ్ద సామ్యము కాదు. భారము మోయువానియందు పూజ్యత కలదను భావము ఆ పేరులో ఇమిడియున్నది.

పండ్రెండవ శతాబ్దమున కల్యాణములో బసవేశ్వరుడు ఇష్టలింగమును భక్తుని అంగముపై నిలిపెను. దాని అంతరార్థము స్పష్టము. పూజకు ఒక తిథి, ఒక క్షేత్రము, ఒక మధ్యవర్తి అక్కరలేదు. లింగము ఒడలిపై నుండగా పూజ లేని దినము లేదు. మంచి దినము, చెడు దినము అను ఎన్నిక శరణులకు సమ్మతము కాదు. అందుచేత ఏడాదికొకమారు జరుగు ఆరాధనతో తృప్తి చెందుట వీరశైవునకు తగదు. అతని పూజ ఎంత నిత్యమో, అతని కృతజ్ఞతయు అంత నిత్యము కావలెను. పున్నమినాటి పొంగలి మంచిదే. పున్నమి మరునాటి కుడితితొట్టి నిండియున్నదా యనునది అంతకన్న ముఖ్యము.

శరణులు కాయకమును కైలాసముగా ఎంచిరి. కాని కాయకమునకు ఒక నియమము కలదు. అది సత్యశుద్ధమై యుండవలెను. చేయువాడు మనసార పూనుకొని చేయవలెను. ఎద్దు చేయు పని కాయకమనవచ్చునా? ఎద్దునకు సంకల్పము లేదు. అది పనిని కోరలేదు, ఒప్పుకొనలేదు, కూలి నిర్ణయించుకొనలేదు. ముకుత్రాడు ఎటు లాగిన అటు పోవును. కనుక దున్నుట రైతునకు కాయకము. ఎద్దునకు అది బలవంతపు సేవ. రైతు కాయకము ఎద్దు సేవపై నిలిచియున్నది. ఆ సేవ అన్యాయమైనచో దానిపై నిలిచిన కాయకమును సత్యశుద్ధమనుట ఎట్లు? పశువుపట్ల దయ అనునది దాతృత్వపు మాట కాదు. తన కాయకపు శుద్ధిని కాపాడుకొను మాట.

శరణులలో ఈ వృత్తులవారు లేకపోలేదు. ఒక్కలిగ ముద్దన్న సేద్యము చేసిన శరణుడు. అతని వచనముల అంకితములోనే జీవధనము, అనగా పశుసంపద, అను మాట కలదు. తురుగాహి రామన్న పశువులు కాచిన శరణుడు. అతడు తన దైవమును గోపతినాథుడని పిలుచుకొనెను. పశువుల నడుమ జీవించిన వీరు, ఆ పశువులకు ప్రభువైనవానినే తమ ప్రభువుగా ఎన్నుకొనిరి. పశువును తోలువాడును, తోలబడు పశువును ఒకే యజమానుని సొత్తనుట ఇందలి భావము.

అయినచో న్యాయమైన సేవకు హద్దేది? దీనికి ఆయ్దక్కి లక్కమ్మ చరిత్రలో జవాబు దొరకును. ఆమె భర్త మారయ్య నేల రాలిన బియ్యపు గింజలను ఏరి తెచ్చుట కాయకముగా పెట్టుకొనెను. ఒకనాడతడు నిత్యము తెచ్చుదానికన్న హెచ్చుగా తెచ్చెను. లక్కమ్మ ఆ అధికమును తిరిగి పోసిరమ్మని అతనిని పంపెను. బియ్యము దొంగిలినది కాదు, శ్రమించి ఏరినదే. అయినను అవసరమునకు మించినది ఆశ యని ఆమె తీర్పు.

లక్కమ్మ కొలతను చేనిలోనికి తెచ్చి చూడవలెను. పదును కాలమున నాలుగు నాళ్ళు పొద్దు పొడిచినది మొదలు ఎద్దు శ్రమించుట అవసరము. పదును పోయిన పిదప, మరియొకని చేను దున్ని కిరాయి సంపాదించుటకు మిట్టమధ్యాహ్నపు ఎండలో అదే ఎద్దును నిలుపుట అవసరమా, ఆశయా? బండిలో పట్టినన్ని మూటలు వేయుట అవసరము. రెండవ ట్రిప్పు తప్పించుకొనుటకు ఇరుసు మూలుగునట్లు నింపుట అవసరమా, ఆశయా? ఈ ప్రశ్నలకు జవాబు బయటివాడు చెప్పలేడు. మేడి పట్టినవానికి తెలియును. ఎద్దు తెచ్చిన అధికమును తిరిగి పోయుటకు తావు లేదు గనుక, దానిని ముందుగనే తీసికొనకుండుట ఒక్కటే మార్గము.

బండి లాగు, బరువు మోయు పశువుల విషయమై ప్రభుత్వము 1965లో నియమములు చేసెను. వాని ప్రకారము అట్టి పశువుచేత దినమునకు మొత్తము 9 గంటలకు మించియు, విరామము లేక వరుసగా 5 గంటలకు మించియు పని చేయింపరాదు. వేడిమి 37 డిగ్రీల సెంటిగ్రేడు దాటు చోట్ల మధ్యాహ్నము 12 గంటలనుండి 3 గంటల వరకు పని చేయింపరాదు. ములుకులు గల కర్రతో పొడిచి తోలరాదు. లక్కమ్మ ఇంటిలో తనకు తాను విధించుకొన్న హద్దును నేడు చట్టము అంకెలలో వ్రాసినది. అయితే ప్రతి చేని గట్టున ఒక అధికారిని నిలుపుట ఎవరికిని సాధ్యము కాదు. చట్టము చేరలేని చోటికి చేరవలసినది ఆచారము.

పున్నమి ప్రయోజనము ఇచటనే కనబడును. ఆ ఒక్కనాడు ఊరిలోని ఎద్దులన్నియు బయటికి వచ్చును. కడుగునపుడు డొక్కలు కనబడును. మెడపై కాడి ఒరసి పడిన పుండు కనబడును. గిట్టల చీలికలు కనబడును. కొమ్ములకు ఎంత రంగు పూసినను మెడపుండు దాగదు. ఇరుగు పొరుగువారు, బంధువులు, మఠపు స్వాములు అందరును చూతురు. ఎవరి ఎద్దు ఎట్లున్నదో ఊరంతటికి తెలియును. కనుక ఈ పండుగ ఏడాది లెక్కను ఊరి ముందు విప్పు దినము. ఋణము ఆనాడు తీరదు. ఎంత యున్నదో ఆనాడు తెలియును. లెక్క చూడని వ్యాపారి ఎట్లు చెడునో, ఋణమును తలపని మనుష్యుడును అట్లే చెడును. ఈ దృష్టితో చూచినచో ఏరువాక కపటము కాదు, మూఢత్వము కాదు; ఎంతో విలువైన ఏర్పాటు.

అయితే ఈ విలువ నిలుచుట చూచువారిపైనను ఆధారపడియున్నది. చూపరులు అలంకారమునే మెచ్చినచో రైతు అలంకారమునకే వ్యయము చేయును. వేగమునకే చప్పట్లు కొట్టినచో ఎద్దు తోక మెలిపెట్టి తోలుట పెరుగును. జాతరలలో, తిరునాళ్ళలో జరుగు బండలాగుడు పోటీలును అట్టివే. బహుమానము ఎంత పెద్దదైన దెబ్బలు అంత హెచ్చగును. 2014 మే 7వ తేదీన సుప్రీంకోర్టు జల్లికట్టును, ఎడ్లబండ్ల పందెములను నిషేధించెను. 2017లో తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర ప్రభుత్వములు చట్టమును సవరించుకొనగా, 2023 మే 18వ తేదీన అదే న్యాయస్థానపు రాజ్యాంగ ధర్మాసనము ఆ సవరణలను సమర్థించెను. న్యాయస్థానము అనుమతించినది గనుక ధర్మము అనుమతించినదని తలచుట పొరపాటు. అనుమతి గల పనులలో ఏవి తగినవో ఎన్నుకొనుటయే ఆచారవంతుని పని. ఇక ఎద్దు రంగును బట్టి పంటను ఊహించుట వేడుకగా ఉన్నంతవరకు బాధ లేదు. దానిని నమ్మి విత్తనము మార్చువాడు మాత్రము శరణులు నిరాకరించిన శకునముల వెంట పోవుచున్నాడు.

పండుగనాడు కనబడనివారు మరికొందరు కలరు. పూజ ఎద్దునకు జరుగును. తాంబూలము చేని యజమానునకు అందును. ఏడాది పొడుగునా ఆ ఎద్దునకు చొప్ప వేసినవాడు, పేడ తీసినవాడు, నాగలి పట్టినవాడు పాలేరు. గొర్రు వెంట నడచుచు సాళ్ళలో గింజలు విడిచినది కూలి స్త్రీ. వెట్టిచాకిరిని 1976 నాటి చట్టము రద్దు చేసినది. అప్పునకు మనిషిని కట్టివేయు పద్ధతి నేడు నేరము. కాని చట్టము తీసివేసినది సంకెలను మాత్రమే. పంక్తిలో చోటు చూపించుట చట్టము పని కాదు. ఎద్దును పూజించి, దానిని పోషించినవానికి వాకిట దూరముగా ఆకు వేయు ఇంటిలో ఏ బసవన్నకు పూజ జరిగినట్లు? కులము చూడక అందరిని ఒక్కచోట కూర్చుండబెట్టిన అనుభవమంటపము పేరు చెప్పుకొనువారు ఈ ప్రశ్నను తప్పించుకొనలేరు.

కాలము మరియొక చిక్కును తెచ్చినది. పల్లెలలో ట్రాక్టరు వచ్చి కాడెడ్లు తగ్గినవి. పున్నమినాడు ట్రాక్టరునకు దండ వేయు ఇండ్లు పెక్కులు. కారహుణ్ణిమె తరువాత వచ్చు అమావాస్యనాడు కన్నడ సీమలో మట్టితో ఎద్దులను చేసి పూజించు వాడుక ఎన్నటినుండియో యున్నది. ట్రాక్టరునకు గాని, మట్టి ఎద్దునకు గాని మ్రొక్కుట దోషము కాదు. అయినను మట్టి ఎద్దునకు ఆకలి లేదు, ట్రాక్టరునకు మెడపుండు లేదు. వానికి మ్రొక్కుటలో కష్టమును లేదు. కష్టమంతయు ప్రాణమున్నదాని విషయములోనే. అందును ముసలి ఎద్దు విషయములో మరియు కష్టము. పది పండ్రెండేండ్లు కాడి మోసి ఇక లాగలేనిది సంతకు పోవును. దానిని అమ్మిన రైతును నిందించుట సులభము. ఆ రైతునకు ఉన్న రెండు మోపుల చొప్పను పని చేయు ఎద్దునకు పెట్టవలెనా, పని చేయని ఎద్దునకు పెట్టవలెనా? ఆ తూకము అతని ఒక్కని చేతిలో పెట్టి, ఆ ఎద్దు పండించిన జొన్న తిన్న మిగిలినవారు తప్పించుకొనుట న్యాయము కాదు.

దాసోహమను మాటకు ఇచట పని కలదు. దాసోహమనగా తనకు మిగిలినది పెట్టుట కాదు. తనది యనుకొన్నదానిలో ఇతరులకు భాగమున్నదని ఒప్పుకొనుట. పట్టణమునుండి పండుగ చూడవచ్చిన కుటుంబము ఆ ఊరిలో ఒక ముసలి ఎద్దు మేతకు ఏడాది వ్యయమును భరింపవచ్చును. మఠములు తమ దాసోహ మందిరపు ప్రక్కన, కరవు నెలలలో పేద రైతుల పశువులకు మేత, నీటితొట్టి ఏర్పరుపవచ్చును. పున్నమినాడు పశువైద్యుని పిలిపించి మెడపుండ్లకు, గిట్టలకు మందు వేయింపవచ్చును. ఉత్తమ అలంకారమునకిచ్చు బహుమానమును మెడపై పుండు లేని ఎద్దునకును, దానిని పోషించిన పాలేరునకును ఈయవచ్చును. ఆ మధ్యాహ్నము పాలేరును, విత్తు స్త్రీని, యజమానుని ఒకే పంక్తిలో కూర్చుండబెట్టి వడ్డింపవచ్చును. వీనిలో ఏదియు గొప్ప ధనముతో కూడిన పని కాదు.

మనుష్యుల నడుమ ఋణములకు సాక్షులుందురు, పత్రములుందురు, అడుగుటకు నోరుండును. ఎద్దునకు నోరుండియు అడుగలేదు. పాలేరునకు నోరుండియు అడుగుటకు వెనుదీయును. అడుగగలవాని అప్పు తీర్చుటలో భయమున్నది, పరువున్నది. అడుగలేనివాని అప్పును తలచుకొనుటలో ధర్మము తప్ప వేరు కారణము లేదు. అందుచేతనే మనుష్యుని ధర్మము అచట తేటగా పరీక్షకు వచ్చును.

పొంగలి రేపు కూడ పెట్టుదురా యని అడిగిన పిల్లవానికి పెద్దలు చెప్పవలసినది ఇంతే. రేపు పొంగలి ఉండదు. కాని నిండిన కుడితితొట్టి ఉండును. మధ్యాహ్నము చెట్టు నీడ ఉండును. మెడకు పుండు పడిననాడు కాడి దిగును. ఈ మాట చెప్పునపుడు అది నిజమై యుండవలెను. నిజమో కాదో చూచుటకు ఆ పిల్లవానిని పున్నమినాడే కాక, శ్రావణములో గుంటక తోలునాడును ఆ చేనికి తీసికొనిపోవలెను.